ఆట వాళ్లది, మాట నీది

రామంతాపూర్, హైదరాబాద్

ఒరేయ్ రవీ,

నీ వాయిస్ మెసేజ్‌లన్నీ మెట్రోలో విన్నాను. ఉప్పల్‌లో మొదలుపెడితే అమీర్‌పేట వచ్చినా అవలేదు. పెళ్లిచూపుల నాడు కూడా నీ గొంతులో ఇంత హుషారు లేదు. ఈ మాట చెల్లెమ్మకి చెప్పకు.

గేముల మీద యూట్యూబ్ చానెల్ పెట్టాలన్న ఆలోచన బాగుంది. తెలుగులో గేమ్ ఆడుతూ అరిచేవాళ్లకి కొదవ లేదు గానీ, నీలాగా ఒక లెవెల్ ఎందుకు బాగుందో, ఎక్కడ విసిగించిందో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువే. కాకపోతే కాపీరైట్ సంగతి ఫోన్లో ఎత్తితే రెండో నిమిషానికే "అదంతా తర్వాత చూసుకుందాంలేరా" అంటావు. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నా. నా ఉద్యోగం కూడా ఇదే కదా, మాదాపూర్ ఆఫీసులో పొద్దుగూకే దాకా యూట్యూబర్ల మీద పడే కాపీరైట్ ఫిర్యాదులు, అంటే క్లెయిములూ స్ట్రైకులూ చూడడం.

ముందు నువ్వడిగింది. వీడియో కింద ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకపోయినా న్యాయంగానే వాడుకున్నాను అని ఒక పేరా పెట్టేస్తే ఎవరూ ఏమీ చేయలేరు కదా అన్నావు. ఆ పేరా నాకు కంఠతా వచ్చు. 1976 కాపీరైట్ చట్టం, సెక్షన్ 107 అంటూ మొదలవుతుంది. ఎల్బీనగర్ కుర్రాడి చానెల్లోనూ అదే, నిజామాబాద్ కుర్రాడి చానెల్లోనూ అదే. అది అమెరికా చట్టం రా బాబూ. పోనీ అక్కడైనా ఆ పేరా కాపాడుతుందా అంటే అదీ లేదు. బండి మీద ప్రెస్ అని స్టిక్కర్ అంటించుకుంటే చలాన్ ఆగుతుందా? అక్కడి కోర్టు వీడియోని చూస్తుంది, కింద రాసిన పేరాని కాదు. ఎందుకు వాడావు, వాడింది ఎలాంటి రచన, ఎంత వాడావు, దానివల్ల సొంతదారు వ్యాపారానికి దెబ్బ తగిలిందా, ఈ నాలుగూ కలిపి తూకం వేస్తుంది. "30 సెకన్లలోపు వాడితే తప్పు లేదు" అని మీ బావమరిది చెప్పాడన్నావు చూడు, అలాంటి లెక్క ఏ సెక్షన్‌లోనూ లేదు.

2017లో న్యూయార్క్ కోర్టులో ఒక కేసు తేలింది. హెచ్3హెచ్3 చానెల్ నడిపే ఇథన్, హిలా క్లెయిన్ దంపతులు ఇంకో యూట్యూబర్ కామెడీ స్కిట్‌ని ఏకిపారేస్తూ వీడియో చేశారు. అతను కేసు వేశాడు. ఐదు నిమిషాలకు పైగా ఉన్న స్కిట్‌లో మూడు నిమిషాలకు పైగా వీళ్ల వీడియోలో ఉంది. అయినా జడ్జి ఫెయిర్ యూజే అన్నారు. ఎందుకంటే వాళ్లు కాస్త చూపించడం, ఆపడం, దాన్ని చీల్చి చెండాడడం, మళ్లీ కాస్త చూపించడం, ఇలా నడిపారు. స్కిట్ చూద్దామనుకున్నవాడికి అది స్కిట్‌లా ఉండదు. అదే తీర్పులో, రియాక్షన్ వీడియోలన్నీ ఇలా గట్టెక్కవని, కొన్నిటిలో వ్యాఖ్య అనేదే లేకుండా గుంపుగా కూర్చుని చూస్తున్నట్టే ఉంటుందని కూడా రాశారు. నీకు నేను చెప్పాలనుకున్నదంతా ఆ తేడాలోనే ఉంది. తెర మీద ఆట నడుస్తుంటే పక్కన నువ్వు ఉండడం వేరు, నీ మాట కోసం ఆటని పిలవడం వేరు.

ఇక మన దేశం సంగతి. మనకి 1957 చట్టం, సెక్షన్ 52, అందులో ఫెయిర్ డీలింగ్. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ మనది ఇరుకు. అమెరికాలో ఏ ప్రయోజనమైనా చెప్పి ఆ నాలుగు తూకాలతో వాదించొచ్చు. మన చట్టం ప్రయోజనాలను పేరుపెట్టి చెప్పేసింది: సొంత వాడకం, పరిశోధన, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన వ్యవహారాల గురించి వార్త. వినోదం అన్న మాట అందులో లేదు. అంటే రెండు గంటలు గేమ్ ఆడుతూ మధ్యమధ్యలో "అబ్బా, ఏం కొట్టిండు భాయ్" అంటే అది సమీక్ష కిందికి రావడం కష్టం. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ వెసులుబాటు కంప్యూటర్ ప్రోగ్రామ్ కాని రచనలకే. గేమ్ అంటే లోపలంతా ప్రోగ్రామే కదా? నువ్వు చూపించేది తెర మీది బొమ్మా, మాటా, సంగీతమే తప్ప కోడ్ కాదని లాయరు వాదిస్తాడు. వాదన గట్టిదే. కానీ అంతదాకా వస్తే కేసు గెలిచినా మన జేబు ఖాళీ.

మరి లోకంలో ఇన్ని గేమ్ వీడియోలు ఎలా బతుకుతున్నాయంటావా? చాలావరకు చట్టం పుణ్యం కాదు, కంపెనీల పుణ్యం. వాటికిది ఖర్చు లేని పబ్లిసిటీ. అందుకే కొన్ని రాతపూర్వకంగానే అనుమతి ఇస్తాయి, మిగతావి చూసీచూడనట్టు ఊరుకుంటాయి. జపాన్ గేమ్ కంపెనీ నింటెండో కథ విను. 2013లో ఆడేవాళ్లు పోస్ట్ చేసే గేమ్ వీడియోల మీద క్లెయిములు వేసి యాడ్స్ డబ్బులు తనే తీసుకుంది. 2015లో వాటా ఇచ్చే పథకం పెట్టింది. 2018 చివర్లో అదీ ఎత్తేసి, నీ వ్యాఖ్యానమో సృజనో ఉంటే వీడియో పెట్టుకో, యాడ్స్ డబ్బుల్లో వాటా ఇచ్చే యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్ లాంటివాటితో డబ్బు కూడా చేసుకో, ఊరికే కాపీ చేసి పెడితే మాత్రం కుదరదు అని నియమాలు రాసింది. చూశావా, చివరికి అదీ మాట దగ్గరికే వచ్చింది.

అనుమతి అంటే ఎప్పటికీ ఉంటుందని అనుకోకు. ఫైర్‌వాచ్ గేమ్ తీసిన కాంపో శాంటో వాళ్లు స్ట్రీమ్ చేసుకోండి, సంపాదించుకోండి అని తమ సైట్లోనే రాశారు. 2017లో ప్యూడీపై అనే పేరున్న యూట్యూబర్ ఇంకేదో గేమ్ ఆడుతూ జాతి వివక్ష తిట్టు వాడేసరికి, అతని ఫైర్‌వాచ్ వీడియో మీద కాపీరైట్ నోటీసు కొట్టి తీయించారు. తిట్టింది తప్పే, నాకు అతని మీద జాలేమీ లేదు. కానీ మర్యాద నేర్పడానికి కాపీరైట్‌ని వాడడం నాకు మింగుడు పడలేదు. రేపు నెగటివ్ రివ్యూ ఇచ్చినవాడి మీదా అదే కర్ర ఎత్తుతారు. నిజానికి 2013లోనే ఎత్తారు. డే వన్: గ్యారీస్ ఇన్సిడెంట్ అనే గేమ్ చెత్తగా ఉందని టోటల్‌బిస్కట్ అనే బ్రిటిష్ విమర్శకుడు వీడియో పెడితే, ఆ గేమ్ తీసినవాళ్లు ఆ వీడియోని పీకించారు. జనం ఉతికి ఆరేస్తే వెనక్కి తగ్గారు. అతనికి అంత జనం ఉన్నారు కాబట్టి సరిపోయింది. నీకు ప్రస్తుతానికి నేనూ, మీ బావమరిదీ ఉన్నాం.

కథ మీద నడిచే గేముల దగ్గర మరీ జాగ్రత్త. షూటింగ్ గేమ్‌లో నీ ఆట నీదే, నా ఆట నాదే. చదువుతూ పోయే విజువల్ నావెల్స్‌లో వీడియో చూస్తే గేమ్ అయిపోయినట్టే, ఇక కొనేదెవరు? జపాన్‌లో ఒకతను స్టైన్స్;గేట్ సిరీస్‌లోని గేమ్‌ని ముగింపుతో సహా యూట్యూబ్‌లో పెట్టి యాడ్స్ డబ్బులు తీసుకున్నాడు. 2023లో సెండాయ్ కోర్టు రెండేళ్ల జైలు, దాన్ని ఐదేళ్లు సస్పెండ్ చేస్తూ, పది లక్షల యెన్‌ల జరిమానా వేసింది. కాబట్టి ముగింపు చూపించకు. ముగింపు గురించి మాట్లాడు.

ఇక మా ఆఫీసులో రోజూ వచ్చే తలనొప్పి మాత్రం గేమ్ కాదు, పాట. పోయిన వారం గచ్చిబౌలి కుర్రాడిది ఒకటొచ్చింది, 22 నిమిషాల వీడియో. కార్ల గేమ్. కారెక్కగానే రేడియో మోగింది, అంతే, 42 సెకన్ల పాట. ఆదాయం మొత్తం ఒక మ్యూజిక్ కంపెనీకి పోయింది. పాపం ఆ 42 సెకన్లలోనే వాడు వీడియోకంతటికీ మంచి మాట చెబుతున్నాడు: ఈ ఊరి రోడ్లు దూరం కనిపించకుండా ఎందుకు మెలికలు తిప్పారు, దానివల్ల చిన్న మ్యాప్ పెద్ద ఊరిలా ఎలా అనిపిస్తుంది అని. ఆ ముక్క కోసేస్తే వీడియోకి ప్రాణం పోతుంది. పాటని మాత్రమే చెరిపే ఆప్షన్ నొక్కితే గొంతు కూడా నలిగిపోయింది. వాడు మళ్లీ డబ్బింగ్ చెప్పుకున్నాడు, మొదటిసారి వచ్చినంత బాగా రాలేదు. నువ్వు గేమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మ్యూజిక్ వేరుగా ఆపేసి రికార్డు చెయ్. సైబర్‌పంక్ 2077 లాంటివాటిలో లైసెన్స్ పాటలు మాత్రమే ఆపే ఆప్షన్ కూడా ఉంటుంది.

క్లెయిమ్‌కీ స్ట్రైక్‌కీ తేడా తెలుసుకో, లేకపోతే అర్ధరాత్రి ఫోన్ చేసి నన్ను లేపుతావు. క్లెయిమ్ అంటే ఎక్కువగా యూట్యూబ్ యంత్రం తనంతట తానే పట్టింది. డబ్బు పోతుంది, చానెల్‌కి ఏమీ కాదు. తప్పుగా పట్టిందనిపిస్తే డిస్ప్యూట్ వెయ్, వాళ్లకి 30 రోజుల గడువు. స్ట్రైక్ అంటే సొంతదారు చట్టప్రకారం నోటీసు ఇచ్చి వీడియో తీయించాడని. 90 రోజుల్లో మూడు పడితే చానెల్ మీద ఆశ వదులుకోవచ్చు. దానికి కౌంటర్ నోటిఫికేషన్, అంటే వీడియో తీయడం తప్పని మనం పంపే జవాబు నోటీసు, ఉంది గానీ కోపంలో పంపకు. అందులో రాసిన నీ పూర్తి పేరు, చిరునామా అవతలివాడికి వెళ్తాయి, అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నానని కూడా రాయాలి. మీ నాన్నగారి ఇంటి అడ్రసుకి వకీలు నోటీసు వస్తే ఆయన బీపీ సంగతి నీకు తెలియనిది కాదు.

మొదటి వీడియోకి మైన్‌క్రాఫ్ట్ లాంటిది తీసుకో, వాళ్ల నియమాలు స్పష్టంగా రాసి ఉంటాయి. అప్‌లోడ్ చేశాక ప్రైవేట్‌లోనే ఉంచు, యూట్యూబ్ ముందే చెక్ చేసి క్లెయిమ్ ఉంటే చూపిస్తుంది. ఆ లింక్ నాకూ పంపు, ఆదివారం చూస్తాను. పండక్కి ఇటు వస్తావు కదా, సికింద్రాబాద్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి మంచి మైక్ కొందాం. నీ మెసేజ్‌ల్లో నీకన్నా మీ ఇంటి కుక్కర్ విజిలే బాగా వినబడుతోంది.

నీ
శ్రీను