2024–25 వార్షిక నివేదిక: పాడేరు మన్యం మహిళల ధ్యానం, జీవనోపాధి కార్యక్రమం

సభ్యులందరికీ నమస్కారం.

అలసిపోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి కళ్లు మూయించడం కూడా అభివృద్ధేనా అని నిరుటి సమావేశంలో అడిగారు. కొండల్లో తెల్లవారకముందే బిందెతో గెడ్డకు, అంటే కొండవాగుకు, దిగిన మనిషికి వంట, కాఫీ తోట, కట్టెల మోత అయ్యేసరికి చీకటి పడుతుంది. సాయంత్రం అరగంట ఆనాపానం, అంటే ముక్కు దగ్గర శ్వాసను గమనించడం, ఆమెకు ఎవరూ పని పురమాయించని ఒకే ఒక్క వేళ. అది అయ్యాక ఎవరూ వెంటనే లేవరు, మాటల్లో పడతారు. కొండ ఊట నీటిని ఊళ్లోకి తెచ్చే పని ఆ మాటల్లోంచే వచ్చింది. మన ప్రణాళికలో అది లేనే లేదు.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది ఆ పనే. ఊట పుట్టే చోట పశువులు దిగి బురద చేసేవి. మహిళలు పూడిక తీసి, రాళ్లూ కంకరా పేర్చి, తొట్టి కట్టించి మూత వేయించి, ఊళ్లోకి పైపు దింపారు. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. పై వాలులో వాన నీరు ఇంకేలా కందకాలు తవ్వారు. ఊట నిలవాలంటే అసలు పని అదే, ఫొటోల్లో పడేది మాత్రం కుళాయి.

డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించాక వచ్చిన తొలి ఏడాది ఇది. ఆ రోజు కాఫీ పండ్ల కోత ముమ్మరంగా ఉన్నా, మహిళలు వేళ్లకు జిగురు వదలకముందే వచ్చి కూర్చున్నారు. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి రాలేదు, ఫోనూ చేయలేదు. ఆయన కుర్చీలో ఎవరి పిల్లో నిద్రపోయింది.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అటవీ భూమి పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. గ్రామసభలో మహిళలే లేచి ఈ సంగతి అడిగారు. అర్జీలు ఇచ్చాం. సర్వేకు ఇంతవరకూ ఎవరూ రాలేదు.

వాట్సాప్‌లో దండాల బొమ్మలు పెట్టే మన వాలంటీర్లు ఘాట్ రోడ్డు ఎక్కవలసిన రోజున కనబడరు. శిక్షణ తరగతులు ఆగిపోవడానికి వానలు కారణం కాదు.

జమాఖర్చుల ఆడిట్ పూర్తయింది. ఎక్కువ ఖర్చు సిమెంటుకూ రవాణాకూ. వివరాలు కోశాధికారి చెబుతారు.

పైపులు ఇచ్చిన దాతకు, సిమెంటు బస్తాలు కొండెక్కించిన యువకులకు, ధ్యానం సూచనలను ఇక్కడి కువి, ఆదివాసీ ఒరియా భాషల్లో చెప్పిన ఆశా కార్యకర్తకు, భోజనాలు చూసిన అమ్మలకు కృతజ్ఞతలు.

రెండో ఊట పని గెడ్డలు సన్నబడే మార్చిలో మొదలవుతుంది. వచ్చేవారు ఈరోజే పేర్లు రాయించండి. రాయించినవారు దయచేసి రండి.

– కార్యదర్శి