హైవే కాదండీ, మా బజారు రోడ్డు

సంపాదకుడి గారికి,

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు బస్టాపుకు కాస్త అవతల, డివైడర్ కంచెలో ఒక ఊచ వంగి ఉంటుంది. ఎవరు వంచారో గానీ ఆ సందులోంచి రోజూ దూరేవాళ్లకు లెక్కలేదు. మొన్న ఒక పెద్దావిడ కూరల సంచి ముందు అవతల పెట్టి, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని, తల వంచి దూరింది. ఎదురుగా 219 బస్సు వస్తోంది. ఆవిడ చెయ్యెత్తి బస్సునే ఆగమంది. డ్రైవరు పాపం ఆపాడు. వెనక బైకులవాళ్లు మాత్రం ఒకటే హారన్లు.

పుణెలో మొదలై షోలాపూర్, జహీరాబాద్, సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ వచ్చి, సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నం దాకా పోయే జాతీయ రహదారి ఇది. 2010లో నంబర్లు మార్చినప్పుడు 9 కాస్తా 65 అయింది. మా కాలనీలో మాత్రం ఇప్పటికీ బొంబాయి రోడ్డే.

నేను 1986లో ఇక్కడికి వచ్చాను. కోఠిలో 218 ఎక్కితే భరత్‌నగర్ బ్రిడ్జి దాటగానే ఊరు దాటేసినట్టు ఉండేది. అప్పటికే 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరులో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చాయి. ఆ తర్వాత పటాన్‌చెరులో పారిశ్రామికవాడ. ఆల్విన్ ఫ్యాక్టరీ మూతపడినా మియాపూర్ దగ్గర చౌరస్తాకు ఆ పేరు మిగిలింది. ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులకూ, బొంబాయి లారీలకూ సరిపోయిన రోడ్డు అది. దాని పక్కనే హౌసింగ్ బోర్డు కాలనీ కట్టారు (ఆసియాలోకెల్లా పెద్దదని మావాళ్లు గొప్పలు చెప్పుకుంటారు, పోనివ్వండి). 2007లో కూకట్‌పల్లి మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌లో (జీహెచ్ఎంసీ) కలిసింది. కొలువులు, కోచింగులు, హాస్టళ్లు, బట్టల షాపులు అన్నీ ఈ రోడ్డు మీదికే వచ్చి చేరాయి.

రాత్రి తొమ్మిదైతే చూడాలి. జేఎన్‌టీయూ దగ్గరా, మియాపూర్ దగ్గరా సూట్‌కేసుల మీద కూర్చుని ట్రావెల్స్ బస్సుల కోసం ఎదురుచూసే జనం. ఒంగోలు, కాకినాడ, తిరుపతి, ఎక్కడికైనా ఇక్కడే ఎక్కాలి. సంక్రాంతి ముందు మూడు రోజులైతే చెప్పక్కర్లేదు, ఫుట్‌పాత్ అన్నది కనపడదు. వీళ్లంతా ఏదో ఒక వైపు నుంచి రోడ్డు దాటి వచ్చినవాళ్లే. ఎక్కడ దాటారని మాత్రం అడగకండి.

మెట్రో ఉందిగా అంటారు. నిజమే, 2017 నవంబరులో మెట్రో మొదలైందే మియాపూర్ నుంచి. టికెట్ లేకుండానే స్టేషన్ ఎక్కి అవతల దిగొచ్చు. కుర్రాళ్లకు బాగానే ఉంది. మోకాళ్లు అరిగిన మా ఆవిడ, ఎదురుగా కనపడే మందుల షాపు కోసం ముందు స్టేషన్ దాకా నడిచి, పైకెక్కి, దిగి, మళ్లీ అంత దూరం వెనక్కి నడవాలి. అందుకే ఆవిడ కూడా ఆ ఊచ దగ్గరికే పోతుంది. ఆవిడ తిరిగొచ్చేదాకా నాకు టెన్షన్.

సిగ్నల్ ఉన్నచోట మాత్రం సుఖమా? నాకు 68 ఏళ్లు. మొన్న వాచీ చూసుకుంటూ దాటాను. డివైడర్ దాకా చేరడానికే 22 సెకన్లు పట్టింది. నేను సగంలో ఉండగానే బండ్లు కదిలాయి.

నడిచేవాళ్లకు సిగ్నళ్లు పెడితే లారీలు ఆగిపోతాయని భయపడేవాళ్లకు ఒక మాట. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. సంగారెడ్డి వైపు నుంచి వచ్చే లారీ ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కితే ఊళ్లోకి రానక్కర్లేదు. మూసాపేట నుంచి మియాపూర్ దాకా ఉన్న ముక్కను ఇంకా హైవే లాగే చూడటం దేనికి? ఫ్లైఓవర్లు వద్దనను. కానీ వాటికయ్యే ఖర్చులో పిసరంతతో ప్రతి బస్టాపు దగ్గరా నడిచేవాళ్లకు ఒక సిగ్నల్ పెట్టొచ్చు. అది ముసలివాళ్లు దాటేంతసేపు బండ్లను ఆపాలి, అంతే. ఫుట్‌పాత్ మీద షాపులవాళ్లు పెట్టే బోర్డులు, బైకులు తీయించడానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

ఆ వంగిన ఊచను సరిచేయడానికి ఎవరైనా వస్తే, ఎలాగూ వచ్చారు కాబట్టి, అక్కడే జీబ్రా గీతలు గీసి, సిగ్నల్‌కు చోటు కూడా చూసి వెళ్లమని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కేపీహెచ్‌బీ కాలనీ, హైదరాబాద్