మెమరీ ఐసీ పని ఆపేశాం: అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకీ, అప్‌డేట్ అవక ఆగినవాళ్ళకీ

నమస్తే అండి. అమలాపురం గడియార స్తంభం దగ్గర మన మొబైల్ సర్వీస్ షాపు నుంచి రాస్తున్నాను. 32 జీబీ ఫోన్లకి మెమరీ ఐసీ (ఫొటోలు, యాప్‌లు అన్నీ దాచుకునే చిప్) మార్చి 128 చేసే పని ఇక మన దగ్గర లేదు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు వచ్చి డబ్బు తీసుకెళ్ళండి. రసీదు పోయినా పర్లేదు, పుస్తకంలో పేరుంది.

కౌంటర్ దగ్గర అడిగినవాళ్ళకి రద్దీలో సగం సగమే చెప్పగలుగుతున్నాను. మొత్తం ఇదీ.

ఐసీలు హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర తెప్పించేవాణ్ణి. లాక్‌డౌన్ తర్వాత ఎక్కడా సరుకు లేనప్పుడు కూడా నాకు పంపిన మనిషి. ఈసారి వచ్చినవి కూడా కొత్తవనే బిల్లు వేశాడు. ఫోన్‌కి వేసేముందు ప్రతి ఐసీనీ బాక్స్‌కి, అంటే ఐసీ లోపలి వివరాలు చదివే పరికరానికి, పెట్టి చూడటం నా అలవాటు. తన ఆయుష్షు ఎంత ఖర్చయిందో ఈఎంఎంసీ అనే ఈ రకం మెమరీ ఐసీ తనలోనే రాసుకుంటుంది. 01 అంటే పది శాతం లోపే వాడారు. 0ఏ అంటే తొంభై దాటింది. 0బీ అంటే తీరిపోయింది. కొత్తది 01 చూపించాలి. వీటిలో 06, 07 వచ్చాయి, ఒకటైతే ఏకంగా 0ఏ. పాత ఫోన్లలోంచి పీకి, రీబాల్ చేసి (కింద టంకం గుళ్ళు మళ్ళీ వేసి), తుడిచి పంపిన సరుకు.

ఆయుష్షు ఒక్కటే కాదు. ఆర్‌పీఎంబీ అని ఈ ఐసీలో ఒక భద్రమైన భాగం ఉంటుంది. దాని కీ, అంటే తాళంచెవి లాంటి రహస్య కోడు, ఒక్కసారే రాయగలం, తర్వాత మార్చలేం. వేరే ఫోన్ కీ ఎక్కేసిన ఐసీ మీ ఫోన్‌కి వేస్తే ఫోన్ ఆన్ అవుతుంది, ఫొటోలు పడతాయి, బానే ఉందని ఇంటికెళ్తారు. తర్వాత వేలిముద్రో, బ్యాంకు యాపో మొరాయిస్తే మళ్ళీ నా దగ్గరికే కదా రావాలి.

డీలర్‌కి ఫోన్ చేశాను. "మీ బాక్స్ తప్పు చూపిస్తోంది" అన్నాడు. అతను అంతకుముందు పంపినవి ఒకటి రెండు మిగిలుంటే అదే బాక్స్‌కి పెట్టాను, 01. ఆ మాట చెప్తే, "మీ ఊళ్ళో ఇవన్నీ ఎవరు చూస్తారండీ, వేసెయ్యండి" అన్నాడు. పాత ఐసీలు అంటగట్టినందుకు వచ్చిన కోపం తగ్గింది గానీ, ఈ మాట మాత్రం నాకు ఇంకా అరగలేదు. మా ఊళ్ళో నేను చూస్తాను!

సరుకు తిప్పి పంపేశాను. డబ్బు రాలేదు. అది మా ఇద్దరి గొడవ, మీమీద వెయ్యను.

వేరే డీలర్ దగ్గర తెప్పించొచ్చు కదా అని మా బావమరిది. కౌంటర్‌లో కూర్చునేది వాడే, షాపు అద్దె చాలావరకు ఈ పనిమీదే వెళ్ళేదని వాడికి తెలుసు. ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి కొరియర్లో వస్తాయి, నిజమే. కానీ అక్కడా ముఖం చూడని మనిషే. పదింటిలో నాలుగు పారేస్తే ఆ నాలుగింటి ఖరీదు మిగతా ఆరుగురి బిల్లులో కలపాలి. ఐదువేలు చెయ్యని ఫోన్‌కి అంత ఖర్చు పెట్టించి, వేడిపెట్టి ఐసీ పీకి, లోపలి డేటా పోతుందని సంతకం తీసుకుని... వద్దనుకున్నాను. చాలా రాత్రులు ఆలోచించే వద్దనుకున్నాను. బావమరిది ఇంకా ముభావంగానే ఉన్నాడు. పక్క షాపుల్లో చేస్తారు, అక్కడికెళ్తే నేనేమీ అనుకోను. సరే, కొంచెం అనుకుంటాను.

అసలు ఐసీ మార్చమని వచ్చేవాళ్ళలో చాలామందికి కావలసింది ఐసీ కాదు. "స్టోరేజ్ లేదంటోంది, అప్‌డేట్ అవట్లేదు" అని వస్తారు. అప్‌డేట్ ఫైలు దిగాలన్నా, విప్పుకోవాలన్నా ఫోన్ లోపలి మెమరీలోనే చోటుండాలి. ఎంత పెద్ద మెమరీ కార్డు వేసినా చాలా ఫోన్లలో ఆ పనికి అక్కరకు రాదు. క్లీనర్ యాప్‌లు వద్దు, అవే చోటు తింటాయి.

ముందు వాట్సాప్ చూడండి. కువైట్లోనో దుబాయ్‌లోనో మనిషి లేని ఇల్లు మన కోనసీమలో తక్కువ, వీడియోలు వస్తూనే ఉంటాయి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ నొక్కితే 5 ఎంబీ దాటినవి, పదిమంది చేతులు మారి వచ్చినవి విడిగా కనపడతాయి. గుడ్ మార్నింగులు, రాజకీయాలు తీసెయ్యండి. మీవాళ్ళ వాయిస్ మెసేజ్‌ల జోలికి వెళ్ళకండి, అవి తినేది చాలా తక్కువ.

ఫొటోల దగ్గర మాత్రం జాగ్రత్త. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయ్యాక ఫోన్‌లో చోటు కోసం మామూలుగా డిలీట్ కొడితే గూగుల్‌లో దాచిన కాపీ కూడా పోతుంది. "ఫ్రీ అప్ స్పేస్" అనే నొక్కాలి, అది ఫోన్‌లోది మాత్రమే తీస్తుంది. పొరపాటున పోయినా, బ్యాకప్ అయిన ఫొటో బిన్‌లో 60 రోజులుంటుంది. ఉచితంగా ఇచ్చేది మొత్తం 15 జీబీ. 2021 జూన్ నుంచి ఎక్కించిన ఫొటోలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఇవన్నీ చేసుకోలేనివాళ్ళు షాపుకి రండి. వంద రూపాయలు. మీరు పక్కన కూర్చుని చూపించినవే తీస్తాను, మీరు లేకుండా ఏదీ ముట్టుకోను. ఐఫోన్ అయితే కంప్యూటర్‌కి పెట్టి అప్‌డేట్ చేస్తాను, అలా చేస్తే ఫైలు కంప్యూటర్‌లో దిగుతుంది, ఫోన్‌లో అంత ఖాళీ అక్కర్లేదు. కంపెనీయే అప్‌డేట్లు ఆపేసిన మోడల్ అయితే ఎంత ఖాళీ చేసినా కొత్తది రాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తాను, డబ్బు తీసుకోను.

ఇదివరకు మన దగ్గర ఐసీ మార్పించుకున్నవాళ్ళు కంగారు పడకండి. వేసేముందు బాక్స్‌లో వచ్చిన నంబరు మీ బిల్లు వెనక రాసే ఉంటుంది. 01 తప్ప ఇంకేదైనా కనపడితే ఆ బిల్లు, ఫోన్ పట్టుకుని రండి.