కొలతలు నిలిచాయి, కొలిచినవారు మరుగునపడ్డారు

సంపాదకులు గారికి,

నేలనూ, నీటినీ పరిశీలించేవారికి తగిన గుర్తింపు దక్కడం లేదు. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో శుద్ధిచేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధనా సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించగా, అది ‘నల్లగొండ టెక్నిక్’గా ఆఫ్రికా దేశాలకూ చేరింది. మా జిల్లా పేరు నిలిచింది గాని, ఆ శాస్త్రవేత్తల పేర్లు ఇక్కడే ఎవరికీ తెలియవు. నేల శాస్త్రవేత్త రతన్ లాల్‌కు 2020లో ప్రపంచ ఆహార బహుమతి, 2021లో పద్మశ్రీ దక్కాయి. అలాంటి గుర్తింపు అరుదు.

మే నెల ఎండలో భూగర్భజల మట్టం తెలుసుకునే పరిశీలక బోరులోకి టేపు దించి, తడిసిన గుర్తు చూసి, నీరున్న లోతును మీటర్లలో రాసుకునే ఉద్యోగిని మా ఊళ్లో చూశాను. పదవీ విరమణనాడు శాలువాతో (అదీ కప్పితే) సరిపెట్టక, ఇలాంటి దశాబ్దాల కొలతలనూ, భూసార పటాలనూ పరిశోధనా పత్రాలతో సమానంగా పదోన్నతుల్లో లెక్కించాలని, ఏటా డిసెంబరు 5న, ప్రపంచ నేలల దినోత్సవాన, ఇలాంటివారికి జీవితకాల పురస్కారం ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా