లైవ్ పేరుతో టైమ్‌టేబుల్ చూపిస్తున్న మీ యాప్‌పై ఫిర్యాదు

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: బస్సు లైవ్ ట్రాకింగ్‌లో తప్పుడు సమాచారం, ప్లాన్ డబ్బు వాపసు గురించి.

నమస్కారం.

హైదరాబాద్‌లో మీ బస్ ట్రాకింగ్ యాప్ వాడుతున్నాను. లైవ్ అలర్ట్స్ ప్లాన్‌కు నెలనెలా డబ్బు కడుతున్నాను. రోజూ కొండాపూర్ నుంచి మాసబ్ ట్యాంక్‌కు 127కె బస్సులో ఆఫీసుకు వెళ్తాను. ఈ దారిలో నాకు నేరుగా మెట్రో లేదు.

పోయిన సోమవారం పొద్దున బస్సు నాలుగు నిమిషాల్లో వస్తుందని మీ యాప్ చూపించింది. ఆ మాట నమ్మి ఎదురుగా ఆగిన షేర్ ఆటోను వదిలేశాను. యాప్‌లో ఎంతుందో నన్ను అడిగి, పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా ఆగిపోయారు. నాలుగు మూడైంది, రెండైంది, తర్వాత 'వచ్చేసింది' అని పడింది. ఆపైన బస్సు బొమ్మ మా స్టాప్ దాటి కొత్తగూడ వైపు వెళ్లిపోయింది. రోడ్డు మీద మాత్రం ఏ బస్సూ లేదు. అసలు బస్సు చాలాసేపటికి కిక్కిరిసి వచ్చింది. 2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సు ఎక్కేవాళ్లు బాగా పెరిగారు. ఒకటి తప్పితే తర్వాతి దాంట్లో కాలు పెట్టే చోటుండదు.

ఆ తర్వాత బస్సులో కూర్చునే మీ యాప్ తెరిచి చూశాను. నేనున్న బస్సు రెండు స్టాపులు ముందున్నట్టు చూపిస్తోంది. సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర మేము ఆగిపోయి ఉంటే, బొమ్మ అదే వేగంతో సాగిపోతోంది. ఉదయం తొమ్మిదిన్నరకు అక్కడ అలా దూసుకుపోయిన బస్సును ఈ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు! అంటే సిగ్నల్ అందనప్పుడు మీరు టైమ్‌టేబుల్ ప్రకారం బొమ్మను నడిపిస్తున్నారని నాకు అర్థమైంది.

సిగ్నల్ పోవడం గురించి నాకు పేచీ లేదు. బస్సు ఆలస్యమైతే ట్రాఫిక్ తెలిసినదాన్నే కాబట్టి సర్దుకుంటాను. సిగ్నల్ పోయిన సంగతి దాచి, బొమ్మ పక్కన 'లైవ్' అని పచ్చచుక్క పెట్టడమే మోసం. యాప్ ఏమీ చూపించకపోయి ఉంటే ఆటో ఎక్కేసేదాన్ని.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను, అందుకే సిగ్నల్ లేదని చూపించడం అంత కష్టమని చెబితే నమ్మను. చాలా దేశాల్లో రవాణా సంస్థలు వాడే జీటీఎఫ్ఎస్ రియల్‌టైమ్ అనే డేటా పంపే పద్ధతిలో బస్సు ఎక్కడుందనే దానితోపాటు ఆ వివరం ఎప్పుడు నమోదైందో కూడా పంపవచ్చు. 90 సెకన్లు దాటిన వివరం ఇవ్వొద్దని దాని మార్గదర్శకాల్లోనే ఉంది. 'చివరిసారి కనిపించింది: 6 నిమిషాల క్రితం' అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆగాలో వెళ్లాలో మేమే తేల్చుకుంటాం.

ఇదంతా మీ కస్టమర్ కేర్‌కు రాస్తే 'యాప్ అప్‌డేట్ చేసి చూడండి' అని జవాబొచ్చింది. చేశాను. బొమ్మ ఇంకా నున్నగా జారుతోంది, అంతే.

టైమ్‌టేబుల్ అంచనాకు లైవ్ గుర్తు తీసేయండి. ఈ నెల ప్లాన్ డబ్బు వాపసు ఇవ్వండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. స్క్రీన్‌షాట్లు, బస్సులోంచి తీసిన వీడియో జతచేశాను.

ఇట్లు,
127కె ప్రయాణికురాలు, కొండాపూర్