బడికి ఒక నర్సమ్మ కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా బడి వైద్యశాల అంటే బీరువాలోని ఒక రేకు డబ్బా: దూది, అయోడిన్ సీసా, అంటుకోని ప్లాస్టర్లు. మొన్న ప్రార్థనలో తొమ్మిదో తరగతి అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. ముఖాన నీళ్లు చల్లి, నేనే ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. రక్తం తక్కువట. వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వికారం పుట్టిస్తోందని కిటికీలోంచి పారేస్తున్నానని తిరుగు దారిలో మెల్లగా చెప్పింది. పాఠం చెప్పే టీచరుకు ఈ మాట ఆటోలో కాక ఇంకెక్కడ చెబుతుంది?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికోసారి బడికి వచ్చి చూడాలి. మంచిదే. మిగతా రోజుల సంగతేమిటి? తండ్రి పోయాక నెల రోజులుగా నోరు విప్పని పిల్లవాడికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు రాసిచ్చాను. వాడి దగ్గర ఫోనే లేదు.

వారానికోసారి నర్సును, నెలకు రెండుసార్లు మానసిక సలహాదారును బడికి పంపండి. ల్యాబు పక్క గదిలో విరిగిన బల్లలున్నాయి. అవి మేమే తీయిస్తాం.

— ఒక ఉపాధ్యాయురాలు