టీబీ మిశ్రమ మాత్రల సరఫరా ఆగకూడదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. ఉత్తర చెన్నైలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, శ్రీకాకుళం వైపు నుంచి కట్టడం పనులకు వచ్చిన కూలీలకు క్షయ మందుల వాడకం గురించి చెప్పే స్వచ్ఛంద కార్యకర్తను నేను. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇచ్చే మిశ్రమ మాత్రలు, అంటే పలు క్షయ మందులను ఒకే మాత్రలో కలిపినవి, ఏ రోగికీ మధ్యలో ఆగిపోకుండా చూడవలసిందిగా వేడుకొంటున్నాను.

వారానికి మూడు రోజుల పద్ధతిని వదిలి రోజువారీ చికిత్సను 2017లో దేశమంతటికీ తెచ్చినప్పటి నుంచి ఈ మాత్రలే మన కార్యక్రమానికి ఆధారం. పెద్దలకిచ్చే ఒక్కో మాత్రలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి. రోజుకు ఎన్ని వేసుకోవాలన్నది రోగి బరువును బట్టి నిర్ణయిస్తారు. మొదటి రెండు నెలల తరువాత, పైరజినమైడ్ లేని మాత్ర మరో నాలుగు నెలలు నడుస్తుంది. మింగవలసిన మాత్రలు తగ్గడం ఒక సౌకర్యమే కాని, అసలు మేలు వేరే ఉంది. మందులు విడివిడిగా ఇస్తే, మూత్రం ఎర్రబడిందని ఒకటి, వికారం పెడుతోందని మరొకటి పక్కన పెట్టేవారుంటారు. అలా ఒక్క మందుతోనే నెట్టుకొస్తే దానికి లొంగని క్రిములు బతికి పెరుగుతాయి. మిశ్రమ మాత్ర ఆ అవకాశాన్నే ఇవ్వదు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని క్షయ వస్తే రోగి ఎంత కష్టపడాలో తమకు నేను చెప్పనక్కరలేదు.

2024 మార్చిలో, సరఫరా ఆలస్యం కావచ్చునని, మూడు నెలలకు సరిపడా మందులు స్థానికంగా కొనుక్కోమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అటువంటి కొరతలో నెలకు బదులు కొద్ది రోజుల మందే చేతిలో పెడితే, రోజుకూలి పోగొట్టుకొని మళ్లీ మళ్లీ రావలసిన మనిషి ఒక వారం మానేస్తాడు. తప్పు అతనిది అనడం నాకు న్యాయంగా తోచదు.

క్షయ రోగికి ఇంటి దగ్గర ఇచ్చే చికిత్స శానటోరియం (క్షయ రోగులను ఉంచి చూసే ఆసుపత్రి) చికిత్సకు తీసిపోదని 1959లో లోకానికి చూపినది ఈ ఊరి పరిశోధనే. ఆ పరిశోధన చేసిన సంస్థ నేటికీ ఇక్కడి చేట్‌పట్‌లో పనిచేస్తోంది. ఇంట్లో మందు ఉన్నప్పుడే కదా ఆ ఫలితం నిలిచేది!

కనుక ప్రతి జిల్లాలో కనీసం మూడు నెలల నిల్వ ఉంచి, ఆ లెక్కను ప్రజలకు తెలియజేయండి. సంక్రాంతికి సొంతూరు వెళ్లే కూలీకి నెల మందులిచ్చి, క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో అతని వివరాలను ఆ ఊరి కేంద్రానికి బదిలీ చేయించి, వాడవలసిన తీరును తెలుగులో రాసి ఇప్పించండి. కాలేయం దెబ్బతిని మిశ్రమ మాత్ర ఆపవలసి వచ్చినవారికి మందులను ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టాలి గనుక, విడి మందులను కూడా కొంత నిల్వ ఉంచవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
చెన్నై తెలుగు నివాసి ఒకరు